చచ్చుపడిన చేతికి చేయూత

పక్షవాతమునుండి ప్రాణముతో బయటపడిన వానిని గూర్చి బంధువులు మొట్టమొదట అడుగు ప్రశ్న "నడువగలడా?" యనునది. రెండవ ప్రశ్న "మాటాడగలడా?" యనునది. ఈ రెండును కుదిరినచో గండము గడచినదని ఇంటిల్లిపాదియు సంతోషించును. చేతిని గూర్చిన ప్రశ్న మూడవది. అది తరచుగా అడుగకయే పోవుచున్నది. ఆసుపత్రినుండి వచ్చిన రెండు మూడు మాసములకు రోగి ఊతకఱ్ఱతో వసారావఱకు నడచివచ్చును. కాని కుడిచేయి ప్రక్కటెముకలకు అంటుకొని, పిడికిలి బిగిసి, ఒడిలో పడియుండును. అన్నము కలుపుకొని తినుట, పంచె కట్టుకొనుట, చొక్కా బొత్తాములు పెట్టుకొనుట, దస్తావేజుపై చేవ్రాలు చేయుట, ఇంటికి వచ్చిన పెద్దకు రెండు చేతులు జోడించుట: ఇవన్నియు ఆ పిడికిలిలో చిక్కుకొనిపోవుచున్నవి.

ఇది ఏ కొద్దిమంది దుఃఖమో కాదు. ప్రపంచమంతట 2021వ సంవత్సరమున ఇంచుమించు 1 కోటి 19 లక్షల మందికి క్రొత్తగా పక్షవాతము వచ్చినదనియు, 73 లక్షల మంది దానివలన మరణించిరనియు, దాని పాలబడి జీవించియున్నవారు 9 కోట్ల 38 లక్షల మంది యనియు అంతర్జాతీయ గణనము చెప్పుచున్నది. వీరిలో ఎందరో చేయి స్వాధీనములో లేనివారే. వీరి కొరకు చేతికి తొడుగుకొను సాధనములు కొన్ని నేడు బయలుదేరినవి. కొన్నింటికి స్ప్రింగులు, కొన్నింటికి విద్యుత్తు, కొన్నింటికి మోటార్లు గలవు. ఒకటి రోగి తలపులనే తెలిసికొని పనిచేయుచున్నది. వీనిని గూర్చిన ప్రకటనలును, వానితోపాటు ఆశలును మన ఇండ్లకు వచ్చుచున్నవి. కావున ఇవి ఏమి చేయగలవో, ఏమి చేయజాలవో గృహస్థులు తెలిసికొనుట యవసరమని మేము తలచుచున్నాము.

మొదట చేయి ఏల వెనుకబడునో గ్రహింపవలెను. మన వైద్యగ్రంథములు పక్షాఘాతమని చెప్పిన ఈ వ్యాధికి మూలము చేతిలో లేదు, మెదడులో నున్నది. మెదడునకు రక్తమును గొనిపోవు నాళము గడ్డకట్టిన రక్తముచే మూసికొనిపోవుటవలన గాని, చిట్లుటవలన గాని, ఆ భాగము నశించును. ఎడమ మెదడు దెబ్బతినిన కుడి దేహమును, కుడి మెదడు దెబ్బతినిన ఎడమ దేహమును చచ్చుపడును. ఎక్కువ తడవలు దెబ్బతగులు నాళము మెదడు ప్రక్కభాగమునకు రక్తము నిచ్చునది. చేతిని, ముఖమును కదలించు స్థానములు దాని యేలుబడిలోనే యున్నవి. కాలిని కదలించు స్థానము చాలవఱకు వేఱొక నాళము క్రింద నున్నది. 1937లో మాంట్రియల్ నగరమున పెన్‌ఫీల్డు, బోల్డ్రీ యను వైద్యులు శస్త్రచికిత్స పొందుచున్న వారి మెదడును సన్నని విద్యుత్తుతో తాకి, ఏ యవయవమునకు ఎంత చోటు గలదో పటము వ్రాసిరి. మొండెమంతటికి దక్కిన చోటుకంటె చేతికి దక్కిన చోటు ఎంతో పెద్దదని అందు తేలినది. ఇరువదియేడు ఎముకల ఈ చిన్న యవయవము చేయు సూక్ష్మమైన పనులకు అంత ఏలిక కావలెను. అది చెడినపుడు నష్టమును అంతగానే యుండును.

కాలు కొంత బిగిసియున్నను స్తంభమువలె దేహభారమును మోయగలదు. చేతి సంగతి అట్లు కాదు. తొలుత వ్రేలాడుచు పడియున్న చేయి కొన్ని వారములకు బిగిసికొనును, వ్రేళ్ళు ముడుచుకొనును. పిడికిలి బిగియుట సుకరము, విప్పుటయే దుష్కరము. గ్లాసును పట్టుకొనువానికి మొదట చేయి తెఱవవలెను గదా! ఈ తెఱచుటకు ఎంత ప్రాధాన్యము గలదో 2010లో నెదర్లాండ్సు దేశమున 188 మంది రోగులను పరీక్షించి ప్రకటించిరి. వ్యాధి వచ్చిన 72 గంటలలోపల వ్రేళ్ళను కొంచెమైనను చాపి, చేయిని ప్రక్కకు కొంచెమైనను ఎత్తగలిగినవానికి ఆరు మాసములలో కొంత హస్తనైపుణ్యము తిరిగి వచ్చుటకు నూటికి 98 వంతుల అవకాశము గలదనియు, ఈ రెండును చేయలేనివానికి 25 వంతులే యనియు వారి లెక్క. కావున ప్రతిచేయియు పూర్వస్థితికి వచ్చునని యెవడు వాగ్దానము చేసినను నమ్మరాదు. అట్లని ఏ చేతినైనను మొదటి మాసముననే మృతమని తీర్మానించుటయు న్యాయము కాదు.

ఏలయనగా, చచ్చిన భాగము మరల బ్రదుకకున్నను, ప్రక్కనున్న భాగము దాని పనిని కొంత నేర్చుకొనగలదు. 1996లో అమెరికాలో నూడో అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును కోతులపై ఈ విషయమును పరీక్షించిరి. మెదడులో చేతి స్థానమునందు కొంత భాగము దెబ్బతినిన కోతులకు, చిన్న గుంటలలోనుండి మేతగుళికలను వ్రేళ్ళతో తీసికొను పనిని దినదినము చేయించిరి. అట్లు చేసినవాని మెదడులో దెబ్బకు చుట్టునున్న చేతిస్థానము నిలిచినది. కొన్నింట ప్రక్కకు వ్యాపించినది. పని చేయించని కోతులలో మిగిలిన చేతిస్థానము కూడ తఱిగిపోయినది. వాడిన చేతికి మెదడు చోటిచ్చును. వాడని చేతికి ఉన్నచోటును తీసివేయును. ఈ యొక్క సూత్రము తెలిసినచో తక్కినదంతయు తెలిసినట్లే.

ఇక్కడనే మన యిండ్లలో ఒక గొప్ప యపకారము ప్రేమరూపమున జరుగుచున్నది. తండ్రి చేయి పడిపోయినది. కోడలు అన్నము కలిపి ముద్దలు నోటికందించును. కొడుకు చొక్కా తొడుగును. మనుమడు చెప్పులు పెట్టును. మిగిలిన పనులను మంచిచేయి చూచుకొనును. చచ్చుపడిన చేయి ఒకటి రెండు తడవలు ప్రయత్నించి, తడబడి, గ్లాసు జాఱవిడచి, సిగ్గుపడి మానుకొనును. తరువాత బలము కొంత తిరిగివచ్చినను ఆ చేతిని వాడవలెనన్న తలపే రాదు. అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు టాబ్ దీనిని గుర్తించెను. ఇది అశక్తత కాదు, వాడకుండుటకు అలవాటుపడుట. రోగికి మనము చేయు సేవయే ఈ యలవాటును పెంచుచున్నదని చెప్పుటకు మేము సంకోచింపము.

టాబ్ చూపిన విరుగుడు వింతగా నుండును. చేతికి తొడుగు చికిత్సాసాధనములలో మిక్కిలి సరళమైనది చచ్చుపడిన చేతికి తొడిగినది కాదు, మంచిచేతికి తొడిగినది. వ్రేళ్ళు విడిగా లేని మందపు సంచివంటి తొడుగును మంచిచేతికి వేసి, దాని పనిని ఆపి, చచ్చుపడినచేతినే పనికి దింపుట ఈ పద్ధతి. 2006లో ప్రకటింపబడిన అమెరికా పరీక్షలో, వ్యాధి వచ్చి 3 నుండి 9 మాసములైన 222 మంది పాల్గొనిరి. చికిత్స పొందినవారు రెండు వారములపాటు మేలుకొనియున్న కాలములో నూటికి 90 వంతులు ఆ తొడుగు ధరించి, పనిదినములలో ఆరేసి గంటలవఱకు సాధన చేసిరి. వీరి చేయి సాధారణ చికిత్స పొందినవారి చేతికంటె బాగుపడినది. ఏడాది తరువాతను ఆ లాభము నిలిచినది. అయితే వీరందఱును మణికట్టును, వ్రేళ్ళను కొంతయైనను చాపగలవారే యని మఱవరాదు. ఆ పాటి కదలికయు లేనివారు ఈ పద్ధతికి అర్హులు కారు.

ఇక సాధన యెంత కావలెను? ఆ కోతులు దినమునకు కొన్ని వందల పర్యాయములు వ్రేళ్ళను కదలించెను. మనుష్యుల సంగతి చూతము. అమెరికా, కెనడాలలోని చికిత్సాలయములలో జరుగు సాధనను ప్రక్కన నిలిచి లెక్కించి 2009లో ప్రకటించిరి. చేతితో పని చేయించిన తరగతులలో ఒక్కొక్క తరగతియందు రోగి ఆ కదలికను సగటున 32 పర్యాయములు మాత్రమే చేయుచుండెనని తేలినది. ధనిక దేశములలో, శిక్షితులైన చికిత్సకుల సమక్షమున జరిగిన దిది. పట్టణమునకు వారమున కొకసారి బస్సులో పోయి వచ్చు మన పల్లెటూరి రోగికి దక్కు సంఖ్య యెంత యుండునో పాఠకులే ఊహింపవచ్చును. వందలు కావలసినచోట పదులు దొరకుచున్నవి. ఈ లోటును తీర్చుటయే ఈ సాధనముల నిజమైన ప్రయోజనము. చికిత్సకుడు లేని గంటలలో, ఇంటిలో, రోగి తన చేతితో తానే వందల పర్యాయములు పని చేసికొనుటకు సహాయపడునది మంచి సాధనము. తక్కినవి అలంకారములు.

ఈ దృష్టితో వానిని పరిశీలింతము. మొదటి తరగతి స్ప్రింగులది. అమెరికాలోని ఉత్తర కేరొలీనాకు చెందిన ఇద్దరు చికిత్సకులు 2001లో స్థాపించిన సేబో సంస్థవారి సాధనము ఇట్టిది. రోగి తన బలముతో వ్రేళ్ళను ముడిచి బంతిని పట్టుకొనును. విడువదలచినపుడు స్ప్రింగులు వ్రేళ్ళను వెనుకకు లాగి తెఱచును. విద్యుత్తు లేదు, మోటారు లేదు. రెండవ తరగతి విద్యుత్తుది. 1961లో లిబర్సన్ అను వైద్యుడు పక్షవాతరోగుల పాదము నేలకు వ్రేలాడకుండ నరమునకు స్వల్పవిద్యుత్తు నిచ్చి పైకెత్తించెను. ఆ యుపాయమే ముంజేతి పట్టీగా మారి, వ్రేళ్ళను చాపు కండరములను మేల్కొలుపుచున్నది.

మూడవ తరగతి మోటారుది. బలహీనమైన కండరము చేయిని కదలింపజాలకున్నను, రోగి ప్రయత్నించినపుడు దానియందు సన్నని విద్యుత్సంకేతము పుట్టును. చర్మముపైనున్న సెన్సార్లు ఆ సంకేతమును గ్రహింపగా మోటారు చేతిని కదలించును. మాసచూసెట్స్ సాంకేతిక సంస్థలో జరిగిన పరిశోధననుండి వచ్చిన మయోప్రో యనునది ఇట్టిది. చికిత్సకంటె నిత్యకృత్యములకు తోడుగా ధరించుట దీని ముఖ్యోద్దేశము. నాలుగవది సంగీతపు తొడుగు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ శాఖలో పుట్టిన ఈ తొడుగును ధరించి, తెరపై స్వరము కనబడినప్పుడెల్ల రోగి బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళకు తాకింపవలెను. పాట ముగియునప్పటికి వ్రేళ్ళు వందల పర్యాయములు కదలియుండును. 2016లో ప్రకటించిన చిన్న పరీక్షలో, చిన్న దిమ్మెలను ఒక ప్రక్కనుండి వేఱొక ప్రక్కకు మార్చు పరీక్షయందు, పుస్తకము చూచి వ్యాయామము చేసినవారికిని తొడుగు ధరించినవారికిని గణనీయమైన భేదము కనబడలేదు. కాని నిత్యజీవనమున చేతిని వాడుకొనుటలో తామెక్కువ మెఱుగుపడితిమని తొడుగు ధరించినవారు చెప్పిరి.

అన్నింటికంటె ఆశ్చర్యకరమైనది ఐదవది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021 ఏప్రిలులో ఇప్సిహ్యాండ్ అను సాధనమునకు అనుమతి నిచ్చెను. చేయి కదలింపవలెనని రోగి సంకల్పించినపుడు, దెబ్బతినని వైపు మెదడులో కూడ ఆ సంకల్పపు జాడ కనబడును. తలపై ధరించిన తొడుగు ఆ జాడను పట్టి, చేతికి తొడిగిన యంత్రమునకు తెలుపగా, అది వ్రేళ్ళను తెఱచి మూయును. వ్యాధి వచ్చి ఆరు మాసములైనను దాటిన పెద్దలకే ఇది నిర్దేశింపబడినది. అనుమతికి ఆధారమైన పరీక్ష 40 మందితో జరిగిన చిన్నది. అయినను ఆరు మాసములు దాటినచో ఇక ఆశ లేదను పాత నమ్మకమును ఇది ప్రశ్నించినది.

గడియారమువలె మణికట్టుకు కట్టుకొను సాధనము ఆరవది. ఇది చేతిని కదలింపదు. చేయి ఎంత కదలినదో లెక్కించును. రెండు చేతులకును కట్టినచో ఏ చేయి ఎంతసేపు పనిచేసినదో తెలియును. ఆరోగ్యవంతులలో వాటముకాని చేయి కూడ వాటమైన చేయి పనిచేసిన కాలములో నూటికి 95 వంతులు పనిచేయుచున్నదని 2015లో అమెరికాలో లెక్కించిరి. "చేయి వాడుచునే యున్నాను" అను రోగి మాటలో నిజమెంతయో ఈ లెక్క చెప్పగలదు.

ఈ విధములన్నియు విన్నవారికి యంత్రము పెట్టిన చాలును, చేయి వచ్చునను భ్రమ కలుగవచ్చును. ఆ భ్రమను బ్రిటనునందు జరిగి 2019లో ప్రకటింపబడిన గొప్ప పరీక్ష చెదరగొట్టినది. అందు 770 మంది రోగులు పాల్గొనిరి. చేతితొడుగు కాకున్నను, చేయి మొత్తమునకు సాధన చేయించు పెద్ద రోబోటును వాడి చూచిరి. సాధారణ చికిత్సకంటె దానివలన చేతి పనితనమున మెఱుగు కనబడలేదు. యంత్రము వ్యర్థమని దీని యర్థము కాదు. కదలించుట వేఱు, పని నేర్పుట వేఱు. రోగి దూరదర్శని చూచుచు కూర్చుండగా వ్రేళ్ళను తెఱచి మూయు మోటారు తొడుగులు నేడు అంగళ్ళలో విరివిగా అమ్ముడగుచున్నవి. కీళ్ళు బిగిసికొనకుండుటకు అవి కొంత తోడ్పడవచ్చును. కాని రోగి సంకల్పము లేని కదలికచే మెదడు పని నేర్చుకొనునని ఆశించుట, ఒకడు భుజించిన మఱియొకని యాకలి తీరునని ఆశించుటవంటిది.

ఇక మన దేశపు సంగతి. రోగి కుటుంబమువారికే వ్యాయామములు నేర్పి చికిత్స వారిచేతనే చేయించిన చాలదా యని మన దేశములో 14 ఆసుపత్రులలో 1,250 మందితో పరీక్షించి 2017లో ఫలితము ప్రకటించిరి. ఆరు మాసములకు మరణించినవారును, పరాధీనులై యున్నవారును ఇరుపక్షములందును నూటికి 47 మందియే యుండిరి. కుటుంబపు ప్రేమ యొక్కటియే చాలదు; ఎంత చేయవలెనో, ఎట్లు చేయవలెనో తెలుపు లెక్కయు, తఱచుగా సరిదిద్దు చికిత్సకుడును కావలెనని మేము దీనినుండి గ్రహించితిమి. సాధనమునకును, చికిత్సకునికిని, కుటుంబమునకును పొత్తు కుదురవలెను; ఏ యొక్కటియు తక్కిన రెంటికి బదులు కాజాలదు.

మనవారును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఢిల్లీ ఐ.ఐ.టి., అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ కలిసి మణికట్టును, వ్రేళ్ళను కదలించు తొడుగునొకదానిని నిర్మించినవి. కండరపు సంకేతము వచ్చిననే అది కదలును. దానిపై జరిపిన పరీక్ష 2021లో ప్రకటింపబడినది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలయు, మద్రాసు ఐ.ఐ.టి.యు కలిసి ప్లూటో అను సాధనమును రూపొందించినవి. ఇది ధరించునది కాదు. బల్లపై నుంచుకొను చిన్న రోబోటు. ఒకే మోటారునకు వేర్వేరు పిడులను తగిలించి, మణికట్టు త్రిప్పుట, పిడికిలి తెఱచుట మొదలగు సాధనలు చేయింపవచ్చును. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో భౌతికశాస్త్రజ్ఞులు మెత్తని పారదర్శక పదార్థముతో తొడుగునొకదానిని చేసి 2022లో చూపిరి. వ్రేలు వంగినపుడు దానిగుండ పోవు కాంతి మారును. ఆ మార్పును బట్టి కదలిక తెలియును. దూరముననున్న చికిత్సకుడు దానిని చూడవచ్చును. వేయి రూపాయలలోపు ధరకే దీనిని అందింపవచ్చునని వారి యంచనా.

ప్రయోగశాలనుండి ఇంటి గడపవఱకు రావలసిన దారియే ఇపుడు మిగిలినది. వికలాంగులకు సాధనములిచ్చు కేంద్రప్రభుత్వ పథకము 1981నుండి యున్నది. పక్షవాతమును పేరుపెట్టి చేర్చుకొన్న జాతీయ కార్యక్రమము 2010లో ఆరంభమైనది. ప్రాణము కాపాడుటతో ప్రభుత్వధర్మము తీఱదు. జిల్లా ఆసుపత్రులలో చేతిచికిత్సకు ప్రత్యేకముగ శిక్షితులను నియమించి, పరీక్షలో నెగ్గిన చవుకసాధనములను వారియొద్ద నుంచవలెనని మేము కోరుచున్నాము. సంపన్నులైన మన పాఠకులకు మఱియొక మనవి. ఒక్కొక్క రోగికి సాధనము కొన్ని మాసములే కావలెను. తరువాత అది బీరువాలో పడియుండును. 1935లో మనవారు కృష్ణాడెల్టా కాలువపై పడవలో పుస్తకములు గొనిపోయి పల్లెపల్లెకు ఎరవిచ్చిరి. అట్లే ఊరి ఆసుపత్రిలో నాలుగు తొడుగులుంచి, చికిత్సకుని సలహాపై ఎరవిచ్చి, తిరిగి తీసికొని శుభ్రపఱచి వేఱొకరి కిచ్చుట అసాధ్యమా?

కొనదలచినవారు మొదట మూడు ప్రశ్నలు అడుగవలెను. ఈ సాధనము రోగి ప్రయత్నించిననే కదలునా, ఊరకనే కదలునా? రోగి చేతిలో మిగిలియున్న కదలికకు ఇది తగినదని చికిత్సకుడు చెప్పెనా? దినమున కెన్ని పర్యాయములు చేసినదియు దీనివలన లెక్కకు వచ్చునా? స్పర్శ తెలియని చేతికి బిగుతైన తొడుగు పుండు చేయవచ్చును. కావున తీసిన ప్రతిసారియు చర్మమును చూడవలెను. గుండెలో పేస్‌మేకరు గలవారు వైద్యుని యడుగక విద్యుత్సాధనమును ముట్టరాదు. భుజమునందు నొప్పి గలవాని చేతిని పట్టి లాగరాదు.

సాధనములు చాలవఱకు అన్యదేశములలో పుట్టినవి. అచటి పనులకే తీర్పబడినవి. మన చేతి పనులు వేఱు. పప్పును అన్నమును అయిదు వ్రేళ్ళతో కలిపి ముద్ద చేయుటకంటె మేలైన హస్తవ్యాయామము లేదు. పూలు గ్రుచ్చుట, చిక్కుడుకాయలు ఒలుచుట, బియ్యములో రాళ్ళేరుట, తమలపాకునకు సున్నము వ్రాయుట, నోట్లు లెక్కించుట: ఇవియే మన చికిత్సకులు నేర్పవలసిన పాఠములు. సాధనము వ్రేళ్ళను తెఱచిన వెంటనే వానికి ఇట్టి పని చూపవలెను.

ఇంటివారికి మా తుదిమాట యిది. ఆ చేతికి బదులు మీరు చేయు ప్రతిపనియు ఆ చేతినుండి తీసికొన్న పని. అన్నము ఒలికిన నొలుకనిండు. చొక్కా తొడుగుకొనుటకు అరగంట పట్టిన పట్టనిండు. కంచము ముందుపెట్టి ప్రక్కన కూర్చుండుడు. చేయి జాఱినచో పట్టుకొనుడు. ముద్దమాత్రము వారినే కలుపుకొననిండు.